చేదు పిండిన చేయి

రోజు 1

ఎర్రవేము వండే వంటశాల పెద్ద రోజూ పుస్తకం రాయాలని మూడో గుమ్మటం సభ తీర్మానించింది. నా పేరు పైడితల్లి. వయసు అరవై ఒకటి. ముప్పై నాలుగేళ్ళుగా ఈ వంటశాల నాదే. గరిటె పట్టిన చేతికి కలం ఇచ్చారు కాబట్టి అక్షరాలు వంకరగా ఉన్నాయని ఎవరూ నన్ను అనకూడదు.

ఈరోజు నుంచి నా పని, గడ్డ జబ్బు ఉన్న పదకొండు మందికి ఎర్రవేము ఆకు వండి పెట్టడం. మా తాతలు భూమి నుంచి నేలవేము విత్తనాలు తెచ్చి, మేం బతికే ఈ గుమ్మటాల కింద, ఇక్కడి ఎర్రమట్టిలో చల్లారు. అది మూడు తరాల్లో మొండిదై, ఎర్రబడి, ఎర్రవేము అయింది. మాత్ర చేస్తే దాని బలం మూడు రోజుల్లో పోతోందట. అందుకని ఆకునే తినాలి. మనిషికి రోజుకో గుప్పెడు, నలభై రోజులు. ఒంట్లో ఏ బాధా లేనివాళ్ళు ముట్టకూడదు, మడుల్లో అంత ఆకు లేదు.

"ఎట్లన్న వండు పెద్దమ్మా, ఉడకబెట్టు, వేయించు, నీ ఇష్టం. కంచంల మాత్రం ఒక్కాకు మిగలొద్దు" అంది డాక్టర్ మల్లీశ్వరి. ఆ పిల్ల ఐదో గుమ్మటం నుంచి వచ్చింది. పని రాక్షసి. తిండి సంగతే గుర్తుండదు.

ఆకు ఏం చేస్తుందో నాకర్థమయ్యేలా చెప్పమన్నాను.

"ఒంట్ల కాపలా కణాలుంటయ్. దొంగను చూస్తే మింగెయ్యాలె. ఈ గడ్డ ఏం జేస్తదంటే, వాళ్ళను పిలిచి కూసోబెట్టి మంచిగ మేపుతది. తిన్నోళ్ళు తిన్నకాడనే పంటరు. కొందరైతే గడ్డకే చాకిరి చేస్తరు. ఈ ఆకుల ఉన్న పదార్థం ఏదో వాళ్ళను తట్టి లేపుతున్నది. ఏదో ఇంక పట్టుకోలే. పట్టుకునే యంత్రం భూమి నుంచి రావాలె, పందొమ్మిది నెలలు పడ్తది."

భోజనం పెట్టి మనుషుల్ని కట్టిపడేయడం నా విద్య. అదే విద్య ఒక గడ్డ చేస్తోందంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

పదకొండు మందిలో ఒకరు మా వదిన అప్పలనరసమ్మ, మా ఆయన అక్క. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లలు లేరు. ఆయన నాకు వదిలి వెళ్ళింది ఈమెనే. ఇద్దరం ఒకే గదిలో ఉంటాం, మూడు పూటలా పోట్లాడుకుంటాం. గడ్డ ఆమె కాలేయంలో, కత్తి పోలేని చోట ఉంది. ఈ ఆకు పని చేయకపోతే ఇక నొప్పి మందు తప్ప ఇవ్వడానికేమీ లేదని డాక్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఆ మాట ఇక్కడ ఒక్కసారి రాశాను. మళ్ళీ రాయను.

వారానికోసారి రక్తపు చుక్క తీసి, అందులో కొన్ని గడ్డ కణాలు వదిలి, కాపలా కణాల్లో ఎన్ని మెలకువగా ఉన్నాయో కదిలే బొమ్మతో సహా భోజనశాల గోడ మీద పెద్దగా వేస్తారు. వదినకు ఈరోజు వందకు నాలుగు.

రోజు 2

ఆకును నీళ్ళలో ఉడకబెట్టి, కాస్త పోపు వేసి పెట్టాను. వదిన ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ముఖం వంకర్లు తిరిగింది. కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఒలే పైడీ! ముప్పై నాలుగేళ్ళ నుంచి అదును సూస్తన్నావు కదే, ఇన్నాళ్ళకి ఇసం పెట్టీసినావా!" అని ఊసేసింది.

మిగతా పది మందీ అంతే. ఒకాయన తన కంచాన్ని నా పెరటి కోళ్ళ వైపు తోశాడు. పదకొండు కంచాలు నిండుగా తిరిగొచ్చాయి. నా జన్మలో నా వంటశాల నుంచి వెళ్ళిన కంచం నిండుగా తిరిగి రాలేదు. పొయ్యి పక్కన కూర్చుని కాసేపు ఏడ్చాను. వంటలో నాకు సాయం చేసే యంత్రం ఇనప మామ "శోకము నమోదు చేయవలెనా?" అని అడిగాడు. నోరు మూసుకోమన్నాను.

రోజు 3

జయించాను. ఎలాగో కూడా రాస్తాను, నా తర్వాత వచ్చేవాళ్ళకు పనికొస్తుంది. కాకరకాయకు ఏం చేస్తామో అదే చేశాను. ఆకు సన్నగా తరిగి, దండిగా ఉప్పు రాసి అరగంట పక్కన పెట్టాను. రెండు చేతుల్తో కసిదీరా పిండాను. తర్వాత నూనెలో వేయించి, చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు వేసి రుబ్బి, ఇంగువ పోపు పెట్టాను. ఆకు ఒక్క తునక కూడా పోలేదు, ప్రమాణం చేసి చెబుతున్నాను.

పదకొండు కంచాలూ అద్దాల్లా వచ్చాయి. డాక్టర్ ఒక్కొక్క కంచాన్నీ ఎత్తి చూసి, "మస్తు పెద్దమ్మా, నీ చేతిల ఏముందో గానీ!" అని నన్ను వాటేసుకుంది.

వదిన తింది. నాకేసి చూడకుండా, గోడకేసి చూస్తూ, "ఉప్పెక్కువే. ఇంకొంచెం ఎయ్యి" అంది.

మారు అడిగింది! పెళ్ళయి వచ్చిన నాటి నుంచి నా వంటకు ఆమె పెట్టే వంక ఒకటే, ఉప్పు ఎక్కువైందని. ఏ రోజూ ఏ కూరా మారు వేయించుకోలేదు. నేను గిన్నెతో సహా ఆమె ముందు పెట్టేశాను.

రోజు 8

గోడ మీద వదినకు మళ్ళీ నాలుగే. మిగతావాళ్ళవీ కదల్లేదు. మొదటి వారం అంతేలే అన్నారు. ఇక్కడి జనానికి ఈ గోడ చూడడం పెద్ద వేడుకైపోయింది. ఉదయం ఫలహారం పట్టుకుని వచ్చి కూర్చుంటారు. కణం కొంచెం కదిలితే చాలు, "లేసింది, లేసింది!" అని అరుస్తారు. అది పక్కకి ఒత్తిగిలి మళ్ళీ పడుకుంటుంది.

వదిన కోడిపుంజు జమిందారు ఈరోజు నా కొంగు పొడిచాడు. వాడు ముసలివాడు, మెడ కింద ఉసిరికాయంత గడ్డ ఉంది, ఏడాదిగా ఓ మూల కునుకుతున్నాడు. వదిన వాణ్ణి గుడ్డు నుంచి పెంచింది కాబట్టి కూరలో పడకుండా బతికిపోయాడు. ఇవాళ ఎందుకో హుషారుగా ఉన్నాడు.

రోజు 15

మళ్ళీ నాలుగు. రెండో గుమ్మటంలో అదే ఆకు తింటున్నవాళ్ళకు పదకొండుకు వెళ్ళాయట. అక్కడ వండేవాడు సన్యాసయ్య. వాడికి అన్నం వార్చడమే రాదు. ఆకు గంజిలో ఉడకేసి, ముక్కులు మూసి తాగిస్తాడట. వాళ్ళకు పదకొండు, నా వాళ్ళకు నాలుగా?

డాక్టర్ మడుల మట్టి మార్చింది. నీళ్ళు పరీక్షించింది. మొక్కల మీద దీపాలు మార్చింది. "ఎందుకు లేస్తలేవో సమజైతలేదు" అంటూ వంటశాలలోకి వచ్చింది. నేను పచ్చడి గిన్నె చూపించాను. వాసన చూసి నోరూరి, ముట్టుకోకూడదు కాబట్టి గుటక మింగి వెళ్ళిపోయింది. వంట గురించి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికేముంది? కంచాలు ఖాళీ అవుతున్నాయి కదా!

రోజు 16

మా సభ పెద్ద తామాడ వరహాలు మడుల చుట్టూ తిరుగుతున్నాడు. టమాటా మడుల్లో ఎర్రవేము వేసినప్పటి నుంచి, పదిహేను నెలలుగా ఆయనకు టమాటా పచ్చడి లేదు. ఆ దిగులుతో మనిషి సగమయ్యాడు. నలభయ్యో రోజుకు పదకొండు మందిలో ఒక్కరికైనా ఇరవై దాటకపోతే, ఎర్రవేము పీకించి ఆ మడుల్లో టమాటా వేయిస్తానని సభలో ఒప్పించేశాడు.

"నాకేటి పగా పైడమ్మా? రెండో గుమ్మటంలో పని సేస్తే సెయ్యనీ, మనకి పని సెయ్యని మొక్క మడి కాసుకుని కూకుంటే ఎలాగ?" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. అదే నాకు కోపం.

రోజు 19

డాక్టర్‌కు కొత్త ఆలోచన వచ్చింది. మనసు కుదురుగా లేకపోతే కాపలా కణాలు లేవవట. అందుకని వదినా నేనూ వారం రోజులు పోట్లాడుకోకూడదు. ఆజ్ఞ.

"వదినా, మంచినీళ్ళు కావాలా?" అన్నాను.

"నీకు కట్టం లేకపోతే ఇయ్యమ్మా" అంది.

ఇద్దరం భయపడిపోయాం.

రోజు 22

వారం తిరగకుండానే వదిన నీరసించిపోయింది. గోడ మీద మూడు. ఉన్న నాలుగులో ఒకటి పడుకుంది.

"ఈ మరియాద నా వల్ల కాదు డాకటరమ్మా" అంది వదిన. "దీన్ని తిట్టకపోతే నాకు ముద్ద దిగదు." డాక్టర్ ఆజ్ఞ వెనక్కి తీసుకుంది. సాయంత్రం దుప్పటి మడత గురించి గంటసేపు కొట్టుకున్నాం. ఆమె బుగ్గల్లోకి రంగు వచ్చింది, గోడ మీద అంకె మాత్రం మారలేదు.

జమిందారు వరహాలుగారిని తరిమాడు. ఆయన టమాటా మొక్కల కుండీ ఒకటి ముందే తెచ్చిపెట్టుకున్నాడు. దాన్ని పట్టుకుని పరుగెత్తలేక పరుగెత్తాడు.

రోజు 29

మూడు. రెండో గుమ్మటంలో ఇరవై నాలుగు.

వదిన లేచి నడవడం మానేసింది. పచ్చడి మాత్రం అడిగి తింటోంది. ఈరోజు నా చేయి పట్టుకుని, "నాను పోయినా ఈ పచ్చడి సేత్తూ ఉండే. నీ సేతికి ఇన్నాళ్ళకి రుసొచ్చింది" అంది. ముప్పై నాలుగేళ్ళు ఈ మాట కోసమే చూశాను. ఈమె లేకపోతే నేను ఎవరితో పోట్లాడాలి?

రోజు 33

ఇది మొత్తం రాయాలి.

పొద్దున్న జమిందారు ఎగిరి వంటబల్ల మీదికెక్కాడు. ఏడాదిగా అడుగు తీసి అడుగు వేయలేనివాడు! రెక్కలు పట్టుకుని దించబోతే మెడ నా చేతికి తగిలింది. మెత్తగా ఉంది. ఈకలు విడదీసి చూశాను. గడ్డ లేదు. ఉసిరికాయంత గడ్డ ఉన్న చోట ఆవగింజంత మచ్చ ఉంది.

"ఇనప మామా, ఈ కోడి ఏం తింటోంది?" అని అడిగాను.

"చిట్టు, నూకలు" అన్నాడు మామ. "మరియు గడచిన ముప్పది దినములుగా, ఎర్రవేము నుండి పిండబడిన జలము, దినమునకు రెండు గ్లాసులు."

వెళ్ళి కోళ్ళ తొట్టిలోకి చూశాను.

ఈ గుమ్మటంలో నీటిబొట్టు పారబోస్తే నేరం. అందుకని మూడో రోజు నుంచి, ఆకు పిండగా వచ్చిన ఆ ఆకుపచ్చ చేదునీళ్ళు కోళ్ళ తొట్టిలో పోస్తున్నాను. పెట్టలు మూతి పెట్టలేదు. జమిందారుకు ముసలితనంలో రుచే తెలియదు, మొత్తం వాడే తాగాడు. పదకొండు మంది మందు ఒక్క కోడిపుంజు తాగింది. పదకొండు మందికీ నేను పిప్పి పెట్టాను. బెల్లం వేసి, పోపు వేసి, పిప్పి.

"మామా, ముందే ఎందుకు చెప్పలేదు?"

"అడుగబడలేదు" అన్నాడు.

గడ్డ కాపలావాళ్ళను మేపి పడుకోబెడుతోందని మొదటిరోజు నాకు ఒళ్ళు మండింది. నేను చేసిందీ అదే. వదిన మారు అడిగిందని మురిసిపోయి, నెల రోజులు ఆమె నోటి దగ్గర మందు లాగేసి కోడికి పోశాను. నా పొగరే ఆమెను మంచాన పడేసింది. ఎవరికీ చెప్పకుండా రేపటి నుంచి పిండడం మానేయవచ్చు. కానీ మిగిలింది ఏడు రోజులు. ఏడు రోజుల్లో ఇరవై రాదు. రాకపోతే మడులు పీకేస్తారు. చెప్పాలి. చెబితే ఈ వంటశాల ఇక నాది కాదు. అయినా చెప్పాలి.

రోజు 34

ఫలహారం వేళ గుమ్మటం మొత్తం భోజనశాలలో ఉండగా, జమిందారును చంకలో పెట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. ఉప్పు రాయడం నుంచి కోళ్ళ తొట్టి వరకూ అంతా చెప్పాను. గ్లాసుల లెక్క ఇనప మామ తేదీలతో సహా చెప్పాడు, ఒక్క గ్లాసు కూడా వదిలిపెట్టకుండా.

డాక్టర్ మల్లీశ్వరి ముఖం జేవురించింది. "పెద్దమ్మా! ఎట్లన్న వండుమంటిని గానీ మందు పిండి పారబోయమన్నానా?" అని అరిచింది. అరిచి, తల పట్టుకుని కూర్చుంది. నేను నేల చూపులు చూస్తున్నాను.

అందరూ మా వదిన వైపు తిరిగారు. చక్రాల కుర్చీలో ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఒలే పైడీ, ముప్పై నాలుగేళ్ళ నుంచి ఉప్పెక్కువేత్తన్నావంటే నమ్మినావు కాదు. ఇప్పుడైనా నమ్ముతావేటి?"

అవతల ఎవరో పగలబడి నవ్వారు. ఆ నవ్వు వినగానే నాకు ఏడుపు ఆగలేదు. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. ఆమె నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది, తర్వాత ఆ చేయి తీయకుండా అక్కడే ఉంచింది.

"వంటశాల ఇంకొకలికి అప్పసెప్పీయాల" అన్నాడు వరహాలుగారు. "మడుల సంగతి కూడా ఈ ఏడు రోజుల్లో..."

"ఆగుండ్రి" అంది డాక్టర్. ఆమె కాగితం మీద ఏదో గీస్తోంది. కోపం ఎటో పోయింది, కళ్ళు మెరుస్తున్నాయి. "ఒకటే ఆకు. రెండో గుమ్మటమోళ్ళు రసంతోని తిన్నరు, లేసినయ్. మనోళ్ళు రసం లేకుండ తిన్నరు, లేవలే. మందు చేదురసంలనే ఉన్నది! పందొమ్మిది నెలలైనంక ఆ యంత్రం వస్తే గానీ తెల్వదనుకున్న. సగం మందికి ఉత్త పిప్పి పెడ్తనని నేనడిగితే మీరు నన్ను కొట్టి పంపకపోదురా? పెద్దమ్మ అడగకుండనే పెట్టింది." నా వైపు వేలు చూపించింది. "మెచ్చుకుంట లేను. నీ మీద కోపం గట్లనే ఉన్నది. కానీ లెక్క మాత్రం మొదటి నుంచి మొదలువెట్టాలె. ఇంకో నలభై రోజులు గావాలె."

వరహాలుగారు చేతిలో ఉన్న టమాటా కుండీ వైపు చూసుకున్నాడు. "కోడికి తగ్గిపోనాదని మీరంటన్నారు. నాను సూడొద్దా?" అని జమిందారు మెడ మీద చేయి వేశాడు. వాడు ఆయన ముక్కు పట్టుకున్నాడు. విడిపించడానికి ముగ్గురు కావలసి వచ్చింది.

"సాచ్చి గట్టిగానే ఉన్నాడు" అన్నాడు వరహాలుగారు ముక్కు నొక్కుకుంటూ. "నలభై రోజులు ఇచ్చీసినాం."

"మరి వంటశాల?" అని ఎవరో అడిగారు.

"దీన్ని తీసేస్తే నానేటి తింతాను?" అంది వదిన. "ఆ సన్యాసయ్య గంజా? ఉండనీండి. ఉప్పు డబ్బా మాత్రం లాగీసుకోండి."

అలాగే తీర్మానించారు. ఎర్రవేము వండే వేళ ఉప్పు డబ్బా ఇనప మామ దగ్గర ఉంటుంది.

కొత్త లెక్క, రోజు 1

ఆకు పిండకుండా రసంతో సహా రుబ్బాను. ముద్ద చేతికంటితేనే చేయి చేదెక్కింది. గుప్పెడును రెండు వాయిలు చేసి, మొదటి సగం వడ్డించాను.

"నువ్వొక ఆకు తిని సూపించు" అంది వదిన. డాక్టర్ ఒక్క ఆకుకు అనుమతి ఇచ్చింది. తిన్నాను. ముప్పై నాలుగేళ్ళుగా వదిన నన్ను అన్న మాటలన్నీ ఒక్కసారి నాలుక మీదికి వచ్చినట్టుంది. నా ముఖం చూసి ఆమె నవ్వీ నవ్వీ ఆయాసపడింది. ఆ నవ్వులోనే సగం ముద్ద మింగింది. రెండో సగానికి గంటసేపు బతిమాలాను. దేవుళ్ళ పేర్లు, మా ఆయన పేరు, చివరికి జమిందారు పేరు కూడా వాడాను.

మిగతా పది మందీ ఏడుస్తూనే తిన్నారు. నాకు ఎవరూ దండం పెట్టలేదు.

కొత్త లెక్క, రోజు 8

ఏడు. భోజనశాల హోరెత్తిపోయింది. గోడ మీద ఒక కణం లేచి, ఒళ్ళు విరుచుకుని, పక్కనున్న గడ్డ కణాన్ని చుట్టేసి మింగింది. "మింగీసిందిరోయ్!" అని వరహాలుగారే ముందు అరిచాడు.

రెండో వాయికి ఇంకా అరగంట బతిమాలాలి.

కొత్త లెక్క, రోజు 15

పదమూడు. వదిన కుర్చీలోంచి లేచి నాలుగు అడుగులు వేసింది. ఎక్కడికని అడిగితే, నా పొయ్యి తుడవలేదని చూపించడానికట.

కొత్త లెక్క, రోజు 22

ఇరవై రెండు.

డాక్టర్ గోడ దగ్గరే నిలబడి ముక్కు చీదుకుంది. గడ్డ ఇంకా ఉంది, చాలా దూరం పోవాలి, ఇప్పుడే సంబరపడొద్దని అందరికీ చెప్పింది. చెప్పి, తనే ముందు చప్పట్లు కొట్టింది. ఎర్రవేము మడులు ఇక పీకరు. వరహాలుగారు తన కుండీని వంటశాల కిటికీ దగ్గర పెట్టమని నాకిచ్చాడు. ఒక పువ్వు పూసింది.

మధ్యాహ్నం వదినకు మొదటి సగం వడ్డించాను. తింది. ఒక్కో ముద్దకూ నన్ను తిట్టింది. "ఛీ, ఇదొక వంటా! గాడిదలు కూడా తినవు. నా తమ్ముడు ఎలాగ బతికినాడో నీ కాడ." కంచం నాకేసినంత శుభ్రం చేసింది.

నేను అలవాటు ప్రకారం బతిమాలడానికి గొంతు సవరించుకుంటున్నాను. ఆమె కంచం నా ముందుకు తోసింది.

"సూస్తావేటే? మారు ఎయ్యి."

వేశాను. తొందరలో రెండు చిన్న ముద్దలు కింద పడ్డాయి. వాటిని జమిందారు తినేశాడు.